రాయి కోసినవాళ్ల కొడుకులు: ‘బ్రేకింగ్ అవే’ సినిమా, దాని వెనకున్న మనుషులు

(ఒక ఫిల్మ్ క్లబ్బులో సినిమా ప్రదర్శన అయ్యాక చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు మార్చకుండా ఎత్తి రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. లైట్లు వేసేశారు, ఎవరు కళ్లు తుడుచుకుంటున్నారో నాకు కనిపిస్తూనే ఉంది. (నవ్వులు) వెనక వరసలో కొందరు ఆలస్యంగా వచ్చి చివరి సైకిలు పందెం మాత్రమే చూశారు. వాళ్ల కోసం కథ అక్కడక్కడా చెప్పుకుంటూ పోతాను, మొత్తం చూసినవాళ్లు కాస్త ఓపిక పట్టండి.

ఈ సినిమాకి పోస్టరు వెయ్యమంటే ఎవరైనా సైకిలే వేస్తారు. 2008లో అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఆటల మీద వచ్చిన సినిమాల్లో పది మేటివి ఎంచి, దీనికి ఎనిమిదో స్థానం ఇచ్చారు. బాగానే ఉంది. కానీ నాకెప్పుడూ ఇది ఆటల సినిమా అనిపించలేదు. ఇది అబద్ధాల మీద తీసిన సినిమా. అంగట్లో అబద్ధం, ప్రేమలో అబద్ధం, పందెంలో మోసం. వాటి మధ్యలో పంతొమ్మిదేళ్ల కుర్రాడు పెద్దవాడు అవుతాడు. ఇంకో సంగతి ఏమిటంటే, దీన్ని రాసినాయన బతుకు కూడా తిరిగి తిరిగి అదే చోటికి చేరింది. ఈ రోజు నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఆయన గురించే. ముందు రాయి సంగతి చెప్పాలి. రాయి తెలియకపోతే ఈ సినిమాలో కోపం ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియదు.

ఇండియానా రాష్ట్రం దక్షిణాన బ్లూమింగ్టన్, బెడ్‌ఫర్డ్ అని రెండు ఊళ్లున్నాయి. వాటి చుట్టూ నేల కింద అంతా సున్నపురాయి. ముప్పై కోట్ల ఏళ్ల పైమాటే, అక్కడ లోతు లేని సముద్రం ఉండేది. అందులో బతికిన చిన్న చిన్న ప్రాణుల గుల్లలు పేరుకుని ఆ రాయి అయింది. మన తాండూరు, బేతంచెర్ల వాళ్లు ఇక్కడ ఉంటే వాళ్లకి నేను చెప్పక్కర్లేదు, మీదీ సున్నపురాయే. కాకపోతే మీది పలకలుగా లేస్తుంది, నేలకి పరుస్తాం. ఇండియానా రాయికి పొరలు ఉండవు. ఏ వైపు నుంచి కోసినా తెగుతుంది, శిల్పం చెక్కినా విరగదు. అందుకని అమెరికాలో పెద్ద భవనం కట్టాలంటే ఆ రాయే. 1931లో తెరిచిన ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ ముఖం ఆ రాయి. పెంటగాన్‌కి తొడిగింది ఆ రాయి. వాషింగ్టన్‌లోని నేషనల్ కథీడ్రల్ ఆ రాయి. అసలు దేశం మొహమే ఆ రెండు ఊళ్ల గోతుల్లోంచి వచ్చింది అన్నా తప్పు లేదు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కట్టడాల ఫ్యాషన్ మారింది. అద్దం, ఉక్కు వచ్చాయి. క్వారీలు ఒక్కొక్కటీ మూతపడ్డాయి. తవ్విన గోతుల్లో నీళ్లు నిండాయి. సినిమాలో నలుగురు కుర్రాళ్లు దూకి ఈదేది ఆ నీళ్లలోనే, వాళ్ల నాన్నలు రాయి తీసిన గోతిలో.

మరి అదే ఊళ్లో ఇండియానా యూనివర్సిటీ ఉంది. అది కూడా ఆ రాయితోనే కట్టారు. ఊరివాళ్లు కోశారు, ఊరివాళ్లు మోశారు. చదువుకోడానికి మాత్రం పైనుంచి కార్లేసుకుని వేరేవాళ్లు వచ్చారు. వచ్చినవాళ్లు ఊరి కుర్రాళ్లని ‘కట్టర్స్’ అని ఎగతాళి చేస్తారు, రాళ్లు కోసేవాళ్లు అని. నిజానికి ఆ కుర్రాళ్లెవరూ రాయి ముట్టుకున్నది లేదు. అది నాన్నల పని, ఆ పని ఎప్పుడో పోయింది. నాన్నకి పని మిగల్లేదు, కొడుక్కి తిట్టు మిగిలింది. ఆ తిట్టు కూడా సినిమావాళ్లు కొద్దిగా మార్చుకున్నదే. ఊళ్లో అసలు వాడుక ‘స్టోనీలు’ అని. దాన్ని అలాగే పెడితే బయట ప్రేక్షకులు మత్తుమందు తీసుకునేవాళ్లనుకుంటారని మార్చారు.

మధ్యలో ఒక సన్నివేశం ఉంది చూడండి, రాత్రిపూట తండ్రీ కొడుకూ యూనివర్సిటీ ఆవరణలో నడుస్తూ ఉంటారు. ఈ సినిమాలో నాకు అన్నిటికన్నా పెద్దది అదే. తండ్రి ఇప్పుడు సెకండ్ హ్యాండ్ కార్లు అమ్ముతున్నాడు, ఒకప్పుడు రాయి కోశాడు. ఆయన ఏమంటాడంటే, ఈ భవనానికి రాయి కోసినవాళ్లలో నేనూ ఒకణ్ణి, మా పని చూసుకుని మాకు ఎంతో గర్వంగా ఉండేది, తీరా కట్టడం పూర్తయ్యాక ఏమైందో ఏమో, ఇవి మాకు తగినవి కావేమో అనిపించింది అంటాడు. ఎవరూ లోపలికి రావద్దని వాళ్లని తరమలేదండీ. బోర్డు పెట్టలేదు. వాళ్లకే అనిపించింది. గేటు దగ్గర కాపలావాడు లేకుండానే మనిషి ఆగిపోవడం ఎలా ఉంటుందో ఈ ఒక్క మాటలో చెప్పేశాడు. పాల్ డూలీ అనే నటుడు ఆ మాట చెప్పేటప్పుడు గొంతు కొంచెం కూడా పెంచడు. అసలు ఆయన ఆ సినిమా అంతా అరుస్తూ ఉంటాడు కదా, ఇక్కడ మాత్రం మామూలుగా మాట్లాడతాడు.

సరే, నలుగురు కుర్రాళ్లు. హైస్కూలు అయిపోయి ఏడాది దాటింది. కాలేజీకి వెళ్లలేదు, పనిలో కుదురుకోలేదు. ఈ మధ్య కాలాన్ని సినిమా ఎంత బాగా పట్టుకుందో చూడండి. మైక్‌గా వేసింది డెన్నిస్ క్వెయిడ్. వీడు స్కూల్లో అమెరికన్ ఫుట్‌బాల్ క్వార్టర్‌బ్యాక్, అంటే జట్టుని ముందుండి ఆడించేవాడు, ఊరికి హీరో. ఇప్పుడు కంచె అవతల నిలబడి యూనివర్సిటీ జట్టు ప్రాక్టీసు చూస్తూ ఉంటాడు. ఏటేటా కొత్తవాడు వస్తాడు, పేపర్లో వాడి పేరు వస్తుంది, నేను మాత్రం ఎప్పటికీ ఆ కొత్తవాణ్ణి కాలేను అంటాడు. పంతొమ్మిదేళ్లకే రిటైరైపోయాడన్న మాట. సిరిల్‌గా వేసిన డానియల్ స్టెర్న్‌కి ఇదే మొదటి సినిమా. సిరిల్ బాధ వేరు. వాళ్ల నాన్న కొడుకు ఎప్పుడు ఓడిపోతాడా, ఎప్పుడు భుజం తట్టి ఓదారుద్దామా అని ఎదురు చూసే రకం. సిరిల్ నవ్వుతూ చెప్తాడు గానీ అంతకన్నా క్రూరమైన తండ్రి ఉంటాడా? మూచర్ పొట్టివాడు. జాకీ ఎర్ల్ హేలీ వేశాడు, చిన్నప్పుడే పేరు తెచ్చుకున్న బాలనటుడు. కార్లు కడిగే చోట పనికి చేరి, పనికొచ్చిన టైం నమోదు చేసే గడియారం చూపించి యజమాని ‘టైం క్లాక్ కొట్టరా పొట్టోడా’ అనగానే నిజంగానే దాన్ని పిడికిలితో కొట్టి పగలగొట్టి ఉద్యోగం వదిలేస్తాడు. మొదటిరోజే.

నాలుగోవాడు డేవ్. వీడికి ఇటలీ పిచ్చి. ఇటలీ సైకిలిస్టులంటే దేవుళ్లు. కాళ్ల మీద వెంట్రుకలు గొరుక్కుంటాడు, ఒపేరా పాడతాడు, ఇంట్లో పిల్లికి ఫెల్లీనీ అని ఇటలీ సినిమా దర్శకుడి పేరు పెడతాడు, నాన్నని ‘పాపా’ అని పిలుస్తాడు. నాన్నకి ఒళ్లు మండిపోతుంది. ఆ భోజనం దగ్గర గొడవ చూశారు కదా. ఈ ఇంట్లో పేరు చివర ‘ఈనీ’ అని ఉన్న తిండి ఇక వండొద్దంటాడు. (నవ్వులు) డేవ్‌గా వేసిన డెన్నిస్ క్రిస్టఫర్, నాన్నగా వేసిన పాల్ డూలీ ఇద్దరూ అంతకు ముందు ఏడాదే రాబర్ట్ ఆల్ట్‌మన్ తీసిన ‘ఎ వెడ్డింగ్’లో కూడా తండ్రీకొడుకులుగా వేశారు. ఆ అలవాటు ఇక్కడ కనిపిస్తుంది. మాట పూర్తి కాకముందే అవతలివాడి మొహం మారుతుంది.

అమ్మ గురించి చెప్పకుండా ముందుకెళ్తే పాపం. బార్బరా బ్యారీ వేసింది, ఆ పాత్రకి ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది. ఆమె ఒకరోజు కొడుకుతో, నేను పాస్‌పోర్ట్ తీసుకున్నాను, ఎప్పుడూ సంచీలోనే ఉంటుంది అంటుంది. ఎక్కడికీ వెళ్లింది లేదు, వెళ్లేదీ లేదు. కిరాణా షాపులో గుర్తింపు అడిగితే తీసి చూపిస్తుంది, అంతే. కొడుకు ఇటలీ పిచ్చి ఎవరి దగ్గరనుంచి వచ్చిందో మనకి అక్కడ తెలుస్తుంది. అంత చిన్న సన్నివేశంలో ఒక మనిషి జీవితం మొత్తం చెప్పాలంటే రాసినవాడికి ఎంత దయ ఉండాలో.

ఇప్పుడు అబద్ధాల లెక్కకి వద్దాం. డేవ్ ఒక కాలేజీ అమ్మాయిని చూసి, నేను ఇటలీ నుంచి వచ్చిన విద్యార్థిని అంటాడు. యాస మొత్తం దింపేస్తాడు. ఆ అమ్మాయి నమ్ముతుంది. రాత్రి ఆమె హాస్టల్ కిటికీ కింద నిలబడి ఇటాలియన్ పాట పాడతాడు, సిరిల్ గిటార్ వాయిస్తాడు. ఆ తర్వాత దెబ్బలు సిరిల్‌కి పడతాయి. అది కూడా గమనించండి, ఒకడి అబద్ధానికి ఇంకొకడు తన్నులు తిన్నాడు. ఇంకోపక్క నాన్న. ఆయన వ్యాపారమే సగం అబద్ధం. అమ్మిన కారు మర్నాడే ఆగిపోయి, కొన్న కుర్రాడు డబ్బు వెనక్కి ఇమ్మంటే, ‘రిఫండా? రిఫండా?’ అని గుండె పట్టుకుంటాడు. కొడుకు మెత్తటివాడు, రిఫండ్ ఇచ్చేద్దాం నాన్నా అంటాడు. ఆయన దృష్టిలో లోకం తెలియని వెధవ.

డేవ్ నమ్మింది ఒక్క ఇటలీనే. అక్కడివాళ్లు గొప్పవాళ్లు, వాళ్లతో కలిసి తొక్కితే చాలు. చింజానో అనే వైన్ కంపెనీ జట్టు ఇండియానాకి పందేనికి వస్తోందని తెలిసి ప్రాణం లేచొస్తుంది. హైవే మీద ట్రక్కు వెనకాల తొక్కే సన్నివేశం గుర్తుంది కదా, డ్రైవరు అద్దంలో చూసి వేళ్లతో వేగం చూపిస్తాడు, నలభై, యాభై, అరవై మైళ్లు. ఆ ట్రక్కు కూడా చింజానోదే. వెనక మెండెల్సన్ అనే సంగీతకారుడి నాలుగో సింఫొనీ వస్తూ ఉంటుంది, దాని పేరే ‘ఇటాలియన్’.

తర్వాత ఏమైంది? పందెంలో డేవ్ వాళ్లతో సమానంగా తొక్కాడు. ఇటాలియన్‌లో పలకరించాడు. వాళ్లకి చిరాకేసింది. ఒకడు చెయ్యి చాచి వీడి గేరు మార్చేశాడు. అయినా వదల్లేదు. అప్పుడు సైకిలు పంపు తీసి వీడి చక్రంలో గుచ్చారు. వీడు గట్టు మీదికి ఎగిరిపడ్డాడు. 

ఇక్కడ మామూలు సినిమా అయితే కుర్రాడు పగబడతాడు. ఈ సినిమాలో పగ పట్టలేదు. ఇంటికెళ్లి గోడమీది బొమ్మలు చింపేశాడు. నాన్న దగ్గరికెళ్లి ఏడుస్తూ, అందరూ మోసం చేస్తారు నాన్నా, నాకు ఒక్కడికే తెలియలేదు అన్నాడు. నాన్నకి కావలసిందదే కదా! ఏళ్ల తరబడి కొడుక్కి లోకం తెలియాలనే కదా అరిచాడు. తెలిసింది. తెలిసిన కొడుకు మొహం చూసి ఆయన తట్టుకోలేకపోయాడు. కొంచెం బాధపడితే చాలనుకున్నానే గానీ ఇంత బాధపడమనలేదు నేను అన్నట్టు మాట్లాడతాడు. నవ్వొస్తుంది, వెంటనే ఏదోలా కూడా ఉంటుంది. ఆ తర్వాతే డేవ్ ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లి తనెవరో చెప్పేస్తాడు. ఆమె చెంప పగలగొడుతుంది. మోసపోయినవాడు మోసం చేయడం మానేశాడు. ఈ సినిమాలో పెద్దవాడవడం అంటే నాకు అర్థమైనంతలో అదే, పందెం గెలవడం కాదు.

ఇప్పుడు రాసినాయన. స్టీవ్ టెసిక్. 1942లో యుగోస్లావియాలో, ఇప్పటి సెర్బియాలోని ఉజిత్సె అనే ఊళ్లో పుట్టాడు. పద్నాలుగేళ్లకి అమెరికా వచ్చాడు, ఇండియానా ఉత్తరాన ఈస్ట్ షికాగో అనే ఉక్కు ఫ్యాక్టరీల ఊరికి. వచ్చేటప్పటికి ఇంగ్లీషు రాదు. పరాయి భాష నెత్తికెత్తుకుని, పరాయి దేశాన్ని ప్రేమించి, తానూ ఆ దేశపు మనిషినే అనిపించుకోవాలని తపించే కుర్రాడు. మీకు ఎవరైనా గుర్తొస్తున్నారా? డేవ్‌కి ఇటలీ ఎలాగో, టెసిక్‌కి అమెరికా అలాగ. ఆయన వేరే దేశం పేరు పెట్టుకుని తన కథే రాసుకున్నాడని నా అనుమానం. అనుమానమేం, నమ్మకమే.

ఆ కుర్రాడు ఇండియానా యూనివర్సిటీలో చేరాడు. అక్కడ 1951 నుంచి ప్రతి ఏటా ‘లిటిల్ 500’ అని సైకిలు పందెం జరుగుతుంది. ఇండియానాపొలిస్‌లో కార్ల రేసుంది కదా, దానికి నకలు. పనిచేసుకుంటూ చదివే విద్యార్థుల స్కాలర్‌షిప్పుల కోసం మొదలుపెట్టారు. ముప్పై మూడు జట్లు, జట్టుకి నలుగురు, నలుగురికీ కలిపి ఒకే సైకిలు. గేర్లు లేవు, పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకు. పావు మైలు ట్రాకు మీద రెండు వందల చుట్లు, అంటే యాభై మైళ్లు. ఒకడు అలసిపోతే ఇంకొకడు పరిగెడుతూ వచ్చి, కదులుతున్న సైకిలు అందుకుని ఎక్కాలి. సినిమాలో ఆ మార్పిడి చూశారుగా, అది కల్పన కాదు, అలాగే చేస్తారు.

1962లో గెలిచిన జట్టులో టెసిక్ అదనపు సభ్యుడు. ఆ జట్టులో డేవ్ బ్లేజ్ అనే కుర్రాడున్నాడు. రెండు వందల చుట్లలో నూట ముప్పై తొమ్మిది ఆయనొక్కడే తొక్కాడు. ఆయనకి నిజంగానే ఇటలీ పిచ్చి, ఒపేరా పాటలు పాడేవాడు. సినిమాలో పందెం వ్యాఖ్యానం చెప్తూ కనిపించే మనిషి ఆయనే. తర్వాత బయాలజీ మాస్టారుగా పనిచేశాడు.

ఇక్కడ ఒక తమాషా ఉంది. 1962లో గెలిచిన జట్టు ఊరివాళ్లది కాదు. ఫై కప్పా సై అనే ఫ్రాటర్నిటీది. ఫ్రాటర్నిటీలంటే కాలేజీ కుర్రాళ్ల సంఘాలు, సొంత భవనం, సొంత పార్టీలు. సినిమాలో విలన్లు ఎవరండీ? వాళ్లే! అంటే టెసిక్ ఏం చేశాడంటే, తన జట్టు గెలిచిన గెలుపుని తీసి, తన జట్టులాంటివాళ్లకి ఎదురు నిలిచిన కుర్రాళ్ల చేతిలో పెట్టాడు. లోపలికి చేరగలిగినవాడు, బయట మిగిలిపోయినవాళ్ల వైపు నిలబడి రాశాడు. నిజంలో ఆ పందెం విద్యార్థులకే, ఊరి కుర్రాళ్లని దిగనివ్వరు. సినిమాలో యూనివర్సిటీ ప్రెసిడెంట్ పిలిచి మీరూ ఒక జట్టు పెట్టుకోండి అంటాడు. ఆ పాత్ర వేసింది అప్పటి అసలు ప్రెసిడెంట్ జాన్ రయనే. తమాషా అక్కడితో ఆగలేదు. సినిమా వచ్చాక, 1984లో, ఏ ఫ్రాటర్నిటీకీ చెందని విద్యార్థులు కొందరు నిజంగానే ‘కట్టర్స్’ పేరుతో జట్టు పెట్టారు, ఆ పందెంలో చాలాసార్లు గెలిచారు. 2007 నుంచి 2011 దాకా వరసగా గెలిచింది వాళ్లే. ఎగతాళి మాటని ఇప్పుడు చొక్కా మీద అచ్చు వేయించుకుంటున్నారు, అదీ కాలేజీ కుర్రాళ్లే.

ఆడపిల్లల సంగతి కూడా చెప్పాలి. ఆ పందెంలో ఆడవాళ్ల పోటీ 1988లో గానీ మొదలవలేదు. సినిమాలోనూ అంతే, వాళ్లు గట్టు మీద కూర్చుని చప్పట్లు కొట్టడమే. ఆ కాలేజీ అమ్మాయికి డేవ్‌ని నమ్మడం, చెంప మీద కొట్టడం తప్ప రచయిత ఏమీ మిగల్చలేదు. అమ్మ పాత్రకి అంత పెట్టినవాడు ఇక్కడెందుకు చెయ్యి బిగించాడో. ఇది నాకు లోటుగానే కనిపిస్తుంది.

దర్శకుడు పీటర్ యేట్స్. ఇంగ్లీషువాడు, 1929లో పుట్టాడు. కుర్రతనంలో కార్ల రేసుల చుట్టూ తిరిగాడు. 1968లో ‘బులిట్’ తీశాడు, శాన్ ఫ్రాన్సిస్కో వీధుల్లో కార్ల ఛేజింగ్‌తో లోకమంతా పేరొచ్చింది. ఆ ఛేజింగ్ ముదిరాక సంగీతం ఆపేసి ఇంజన్ల మోత మాత్రమే ఉంచాడు. ఇక్కడ తిరగేశాడు. సైకిలుకి మోత ఉండదు కదా, సంగీతాన్ని ఇంజన్ చేశాడు. టెసిక్ దగ్గర అప్పటికి రెండు వేర్వేరు స్క్రిప్టులు ఉన్నాయి. ఒకటి సైకిలు కుర్రాడి కథ, ఇంకొకటి ఊరి కుర్రాళ్ల కథ. రెండూ కలపమన్నది యేట్స్. ఆ ఒక్క సలహాకే ఆయనకి దండం పెట్టాలి. సైకిలు కథ ఒక్కటే తీస్తే ఆటల సినిమా అయ్యేది. ఊరి కథ ఒక్కటే తీస్తే నిట్టూర్పు సినిమా అయ్యేది. పైగా బయటివాడు కావడం ఇద్దరికీ కలిసొచ్చింది. ఒకడు సెర్బియన్, ఒకడు ఆంగ్లేయుడు. అమెరికాలో వర్గభేదం అన్న మాట ఎత్తడానికి అమెరికన్లు మొహమాటపడతారు. ఇంగ్లండులో పుట్టినవాడికి అది పాలతో వచ్చిన చదువు.

1979లో విడుదలైంది. పెద్ద తారలు ఎవరూ లేరు, డబ్బు కూడా తక్కువే. ఉత్తమ చిత్రంతో కలిపి ఐదు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. ఉత్తమ చిత్రం ఆ ఏడాది ‘క్రేమర్ వర్సెస్ క్రేమర్’ పట్టుకుపోయింది. వీళ్లకి దక్కింది ఒక్కటే, స్క్రీన్‌ప్లేకి, టెసిక్‌కి. పద్నాలుగేళ్ల దాకా ఇంగ్లీషు రానివాడికి ఇంగ్లీషులో రాసినందుకు ఆస్కార్. తర్వాత టీవీ సీరియల్‌గా కూడా తీశారు, బ్లూమింగ్టన్‌లో కాదు, జార్జియాలో. రాయి లేని చోట తీస్తే ఏం నిలుస్తుంది? త్వరగానే ఆగిపోయింది.

ఇక్కడితో ఆపేస్తే ఇది మంచి విజయగాథ. వలస వచ్చాడు, కష్టపడ్డాడు, గెలిచాడు. అలా ఆపడం నాకిష్టం లేదు.

టెసిక్ ఆ తర్వాత ‘ఫోర్ ఫ్రెండ్స్’ రాశాడు, 1981లో ఆర్థర్ పెన్ తీశాడు. అందులో యుగోస్లావియా నుంచి వచ్చిన కుర్రాణ్ణి నేరుగానే పెట్టాడు. జాన్ ఇర్వింగ్ నవల ‘ది వరల్డ్ అకార్డింగ్ టు గార్ప్’కి స్క్రీన్‌ప్లే రాశాడు. 1985లో సైకిళ్ల మీదే ‘అమెరికన్ ఫ్లయర్స్’ రాశాడు, అది అంతంతమాత్రం. మెల్లగా సినిమాలకి దూరం జరిగి నాటకాల వైపు వెళ్లాడు. ఆ నాటకాలు చేదు. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్లు, కూలిపోయిన సమాజాలు. అమెరికా మీద డేవ్ లాంటి ప్రేమ ఉన్న మనిషికి ఎక్కడో చక్రంలో పంపు గుచ్చారు.

1992లో ‘ది నేషన్’ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. అధ్యక్షుడు నిక్సన్‌ని పదవి దించిన వాటర్‌గేట్ కుంభకోణం, ఇరాన్‌కి దొంగచాటుగా ఆయుధాలమ్మిన ఇరాన్-కాంట్రా వ్యవహారం, గల్ఫ్ యుద్ధం, వీటి మీద. ఆయన వాదన ఏమిటంటే, వాటర్‌గేట్ తర్వాత జనానికి నిజం అంటే చెడ్డ వార్త అని అలవాటైపోయింది. చెడ్డ వార్తలు వినలేక, మమ్మల్ని నిజం నుంచి కాపాడండి అని ప్రభుత్వం వైపు చూడటం మొదలుపెట్టారు. నియంతలు అయితే నిజాన్ని బలవంతంగా తొక్కాలి, మనం స్వేచ్ఛగా, మన ఇష్టంతోనే ‘పోస్ట్-ట్రూత్’ లోకంలో, అంటే నిజానికి విలువ లేని లోకంలో బతకాలని ఎంచుకున్నాం అని. 2016లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుల వాళ్లు ఆ మాటని ఆ ఏటి మాటగా ప్రకటించినప్పుడు, ఆ అర్థంలో దాన్ని మొదట వాడినవాడిగా టెసిక్ పేరు చెప్పారు. ఈ రోజు టీవీ చర్చల్లో ఆ మాట వాడే ఎంతమందికి తెలుసు, దాన్ని పుట్టించింది సైకిలు సినిమా రాసినాయన అని?

ఇప్పుడు వెనక్కెళ్లి ఆ సన్నివేశం మళ్లీ చూడండి. అందరూ మోసం చేస్తారు, నాకు ఒక్కడికే తెలియలేదు. 1979లో ఆ మాట తెర మీదికి వచ్చేటప్పటికి నిక్సన్ దిగిపోయి ఐదేళ్లు. అప్పుడు టెసిక్ ఆ మాటకి జవాబు రాయగలిగాడు. కొడుకు నోట ఆ మాట విని తండ్రి భయపడతాడు, రాత్రి నడకకి తీసుకెళ్తాడు, తన రాయి చూపిస్తాడు. నేను కార్లలో మోసం చేసి ఉండొచ్చు, ఈ రాయిలో చేయలేదు అని చెప్పకుండా చెప్తాడు. మోసం లేని పని ఒకటి లోకంలో ఉందని కొడుక్కి చూపించగలిగాడు. పందెంలో డేవ్ గాయపడి, మిగతా ముగ్గురూ తలో కాసేపు తొక్కి, చివరికి పాదాలని పెడళ్లకి టేపుతో కట్టించుకుని మళ్లీ ఎక్కుతాడే, ఆ బలం ఇటలీ నుంచి వచ్చింది కాదు. 1992 నాటికి టెసిక్ దగ్గర ప్రశ్న మిగిలింది, చూపించడానికి ఆ రాయి మిగల్లేదు. నాకు అలా అనిపిస్తుంది.

1996లో, యాభై మూడేళ్లకి, కెనడాలోని నోవా స్కోషియాలో గుండెపోటుతో పోయాడు. ‘కరూ’ అనే నవల ఆయన పోయాక 1998లో వచ్చింది. అందులో కథానాయకుడు ఇతరుల స్క్రిప్టులు సరిచేసే పేరుతో పాడుచేసే మనిషి, అబద్ధాల పుట్ట. ఈ సినిమా చూసిన కళ్లతో ఆ నవల చదివితే ఒకే చెయ్యి రాసిందా అనిపిస్తుంది. చదవండి.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. ప్రశ్నలేమైనా ఉంటే... ఆ, చెప్పండి తమ్ముడూ.

(సభలో ఒకరు: సార్, ‘జో జీతా వహీ సికందర్’ దీనికి కాపీ అంటారు కదా. మరి మన ‘తమ్ముడు’?)

వస్తుందనుకున్నా ఈ ప్రశ్న. నిన్ను తమ్ముడూ అని పిలిచింది అందుకు కాదు. (నవ్వులు) 1992లో మన్సూర్ ఖాన్ తీసిన ‘జో జీతా వహీ సికందర్’లో పోలికలున్నాయి, కాదనను. స్థానిక కుర్రాళ్లు, డబ్బున్న కాలేజీవాళ్లు, తానెవరో దాచి అమ్మాయి వెంట తిరగడం, చివర సైకిలు పందెం. కానీ దాని గుండెకాయ అన్నదమ్ముల కథ. అన్న దెబ్బ తింటే ఆకతాయి తమ్ముడు బాధ్యత ఎత్తుకుంటాడు. ‘బ్రేకింగ్ అవే’లో డేవ్‌కి అన్నే లేడు. కాబట్టి కాపీ అని కొట్టిపారెయ్యలేను. ఆ సినిమా ఆధారంగా 1999లో అరుణ్ ప్రసాద్ గారు పవన్ కళ్యాణ్‌తో ‘తమ్ముడు’ తీశారు. సైకిలు తీసేసి కిక్‌బాక్సింగ్ పెట్టారు. అది తమిళంలో విజయ్‌తో ‘బద్రి’ అయింది. అంటే బ్లూమింగ్టన్ నుంచి మనదాకా వచ్చేసరికి ముందు రాయి పోయింది, తర్వాత సైకిలు పోయింది. (నవ్వులు) హిందీలో తండ్రి కాలేజీ పిల్లలకి కాఫీ హోటలు నడుపుతాడు, అది మంచి ఆలోచనే, ఎవరికి వడ్డిస్తున్నాడో ఆ పిల్లలే కొడుకుని చిన్నచూపు చూస్తారు. కానీ ఆ కాలేజీని ఆయన కట్టలేదు. ఆ తేడా చిన్నది కాదు. ‘తమ్ముడు’ నాకూ ఇష్టమే, ఆ పాటలు ఇప్పటికీ వింటాను. అయితే అందులో గెలవకపోతే కథ లేదు. ఇందులో డేవ్ పందెం ఓడిపోయినా కథ ఉంటుంది, ఆలోచించి చూడు. ఇంకెవరైనా? అక్కడ, కిటికీ దగ్గర, మీరు చాలాసేపట్నుంచి చెయ్యెత్తి ఉన్నారు, అడగండమ్మా.